టేబుల్ పలకలో అతుకులుంటే అది అసలు చెక్క కాదా?

రెండేళ్ళ కిందట ఆగస్టులో మా పిన్ని హైదరాబాద్‌లో కొత్త డైనింగ్ టేబుల్ కొంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, బిల్లు మీద "సాలిడ్ టేకు" అని రాసిచ్చారు. ఇంటికొచ్చాక కిటికీ వెలుతురులో పైపలక తుడుస్తుంటే పొడవునా సన్నటి గీతలు కనిపించాయి. లెక్కపెడితే ఏడు గీతలు, ఎనిమిది ముక్కలు. ఒక ముక్క కాస్త ముదురు రంగు, పక్కది లేత. ఒకదాని చారలు గీత దగ్గర ఆగిపోయి, పక్కదానిలో ఇంకో తీరుగా మొదలయ్యాయి. వెంటనే ఫోన్ చేసింది. "ముక్కలు అతికి సాలిడ్ అని అంటగట్టారు, మోసపోయాను" అని.

ఇలాంటి మాట చాలా ఇళ్ళలో వింటున్నాను. మన మాటల్లోనే అతుకు మీద ఒక చిన్నచూపు ఉంది. అతుకుల బొంత, అతుకుల బతుకు అంటాం. అదే భాషలో, ఏదైనా చక్కగా కుదిరితే "అతికినట్టు సరిపోయింది" అని మెచ్చుకుంటాం. చెక్క విషయంలో ఈ రెండో మాటే నిజానికి దగ్గర. అయితే పిన్ని టెన్షన్ ఉత్తిదే అని కొట్టిపారేయడానికీ లేదు. ఏడెనిమిది నెలలకే ఆ పలక నిజంగానే పగిలింది. ఎందుకు పగిలిందో తెలియాలంటే ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి.

సాలిడ్ వుడ్ అంటే కొనేవాళ్ళకొకటి, అమ్మేవాళ్ళకొకటి

కొనేవాళ్ళ మనసులో "సాలిడ్" అంటే ఏకఖండం, ఒకే చెట్టు నుంచి కోసిన ఒకే పలక. వడ్రంగి పనిలో, ఫర్నిచర్ వ్యాపారంలో ఆ మాటకు అర్థం వేరు. పైనుంచి కిందిదాకా, అంచు నుంచి అంచుదాకా అంతా కోత చెక్కే అయి ఉండాలి. మధ్యలో పొట్టు గానీ, పైన అంటించిన పల్చటి పొర గానీ ఉండకూడదు. ఆ లెక్కన ఎనిమిది టేకు బద్దలను అంచుకు అంచు చేర్చి జిగురుతో అతికిన పలక కూడా సాలిడ్ చెక్కే.

దీన్ని పోలినవి మరికొన్ని ఉన్నాయి. అసలు గందరగోళం అక్కడే. ఫింగర్ జాయింట్ బోర్డులో చిన్న చిన్న ముక్కల కొసలను రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు కోసి, ముందు పొడవుగా అతుకుతారు. తర్వాత ఆ బద్దలను పక్కపక్కన పేరుస్తారు. కేరళ నుంచి వచ్చే రబ్బర్‌వుడ్ బోర్డుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పాలు తీయడం అయిపోయిన రబ్బరు చెట్లను పాతికముప్పై ఏళ్ళకు కొట్టేస్తారు. వాటిలో పొడవాటి, వెడల్పాటి పలకలు పెద్దగా రావు కాబట్టి ముక్కలు కలపక తప్పదు. ఇదీ అసలు చెక్కే. బ్లాక్‌బోర్డు అలా కాదు. దాని లోపల చవక చెక్క బద్దలు ఉంటాయి, పైనా కిందా పల్చటి పొరలు అంటిస్తారు. ప్లైవుడ్ అంతా పొరలే, ఒక పొర నార నిలువుగా ఉంటే పై పొర నార అడ్డంగా ఉంటుంది. ఎండీఎఫ్ అయితే చెక్క నారను పిప్పి చేసి జిగురుతో అచ్చొత్తినది.

తేడా తెలిసేది పలక కొసన, రంపం అడ్డంగా కోసిన చోట. అతుకు పలకలో ఒక్కో బద్ద కొసనా చెట్టు వలయాల తునక కనిపిస్తుంది, పైన ఉన్న చారలు ఆ వలయాలతో కలుస్తాయి. బ్లాక్‌బోర్డు కొసన అట్టముక్కంత మందం పొర, దాని కింద వేరే రంగు చెక్క ఉంటాయి. పిన్ని టేబుల్ కొస చూశాను. ఎనిమిదింటికీ వలయాలున్నాయి, ఎనిమిదీ టేకే.

అసలు అతకడం ఎందుకు

మొదటి కారణం చెట్టు లావు. మూడడుగుల వెడల్పున్న ఒకే పలక రావాలంటే మాను అడ్డకొలత మూడడుగులకు మించాలి. అంటే చుట్టుకొలత తొమ్మిదిన్నర అడుగులు. అందులోనూ బెరడు కింద ఉండే తెల్లచెక్కను తీసేసి చేవ మాత్రమే వాడాలంటే మాను ఇంకా లావుండాలి. తోటల్లో పెంచి పాతిక, ముప్పై ఏళ్ళకే కొట్టే టేకులో ఆ లావు ఎక్కడిది? లావాటి మానులకు పేరుపడ్డ బర్మా టేకు విషయానికొస్తే, మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని ఆపేసింది.

రెండో కారణం చాలామందికి తెలియదు. వెడల్పు పలక ఎండేటప్పుడు దోనెలా వంగుతుంది. ఆ వంపు లోతు వెడల్పుతో పాటు మామూలుగా పెరగదు, వెడల్పు వర్గంతో పెరుగుతుంది. ముప్పై సెంటీమీటర్ల పలక నడుమ 6 మిల్లీమీటర్ల పల్లం వచ్చిందనుకోండి. దాన్ని రెండు వైపులా చిత్రిక పట్టి చదును చేస్తే ఆ 6 మిల్లీమీటర్ల మందమూ పొట్టయిపోతుంది. అదే పలకను పది సెంటీమీటర్ల చొప్పున మూడు బద్దలుగా కోస్తే, ఒక్కోదానిలో పల్లం మూడో వంతు కాదు, తొమ్మిదో వంతు. అంటే 0.7 మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు వైపులా చదును చేసినా మిల్లీమీటరు లోపే పోతుంది. తిరిగి అతికితే దాదాపు మొదటంత మందం ఉన్న చదునైన పలక చేతికొస్తుంది.

ఏకఖండానికి గౌరవం లేదని కాదు. బొబ్బిలి వీణను ఒకే పనస మాను నుంచి తొలుస్తారు, ఏకాండి వీణ అని గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం న్యాయమైనదే. కానీ వయొలిన్ సంగతి చూడండి. దాని పై పలక చాలావరకు రెండు ముక్కలే. ఒకే చెక్కను పుస్తకంలా తెరిచి, నడిమధ్యన అంచుకు అంచు అతుకుతారు. ఇటలీలో స్ట్రాడివరీ చేసిన వయొలిన్లలోనూ ఆ నడిమి అతుకు ఉంది. మూడు వందల ఏళ్ళుగా వాటి తంత్రుల బరువు ఆ పలకల మీదే ఉంది. చెక్కపనిలో అత్యంత ఖరీదైన వస్తువులే అతుకు పెట్టుకున్నాయంటే, అతుకును పిసినారితనం అనలేం.

జిగురు పట్టు చెక్క కంటే బలమా

మామూలు వడ్రంగి తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్. దీన్ని 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టె కనిపెట్టారు. మన దగ్గర 1959లో ఫెవికాల్ వచ్చాక ఊరూరా పాకింది. అంతకుముందు పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన సరేసును వేడిచేసి, వేడిమీదే పూసేవారు.

తెల్ల జిగురులో సగానికి సగం నీళ్ళే. రాసిన వెంటనే ఆ నీటిని చెక్క పీల్చుకుంటుంది. మిగిలిన జిగురు రేణువులు ఒకదానికొకటి కరుచుకుని, నార సందుల్లోకి వేళ్ళూనుకుని గట్టిపడతాయి. బద్దల అంచు మీద నార పొడవుగా పడుకుని ఉంటుంది. అలాంటి రెండు అంచులు బాగా ఆనితే ఆ పట్టు, పక్కన చెక్కలో నారకూ నారకూ ఉండే పట్టును మించుతుంది. ఎందుకంటే చెక్క నార వెంబడి ఎంత బలమో, నారకు అడ్డంగా అంత బలహీనం. కట్టెలు చీల్చిన ప్రతివాళ్ళకీ ఇది తెలుసు. బలంగా కొట్టి విరిస్తే మంచి అతుకు చెక్కలోనే చీలుతుంది, జిగురు గీత చెక్కుచెదరదు. కొసకు కొస అతికితే ఇంత పట్టు రాదు. కొసన గొట్టాల్లాంటి రంధ్రాలు జిగురును లోపలికి లాగేస్తాయి. ఫింగర్ జాయింట్‌లో వేళ్ళలా కోయడం అందుకే. కొస ముఖాన్ని తగ్గించి పక్క ముఖాన్ని పెంచుతారు.

"బాగా ఆనితే" అన్న మాట మీదే అంతా నిలబడి ఉంది. చిన్నప్పుడు మా వీధి చివర షెడ్డులో ఒక పెద్ద మేస్త్రీ చేసే పని కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. రెండు బద్దలను పుస్తకం మూసినట్టు కలిపి పట్టులో బిగించి, రెండు అంచుల మీదా ఒకేసారి చిత్రిక నడిపేవాడు. చిత్రిక నోట్లోంచి అంచు పొడవునా తెగకుండా ఒకే రిబ్బన్ చుట్టలుచుట్టలుగా వచ్చేదాకా ఆపేవాడు కాదు. అలా కలిపి పట్టడంలో లెక్క ఉంది. చెయ్యి అర డిగ్రీ వాలి ఒక అంచు వంకరైతే, పక్క అంచూ అంతే వంకరవుతుంది. పుస్తకం తెరిచినట్టు విప్పి కలిపితే ఒకదాని వాలు మరొకదాని వాలును సరిచేస్తుంది. అలా కాకుండా ప్రతి అంచూ ఒకే వైపుకు అర డిగ్రీ వాలితే, అతుకు అతుకుకూ ఒక డిగ్రీ చొప్పున, ఏడు అతుకుల పలక ఏడు డిగ్రీలు వంగి కూర్చుంటుంది.

తర్వాత జిగురు లేకుండానే ఒక బద్దను రెండోదాని మీద నిలబెట్టి, దీపం ఎదురుగా పట్టి చూసేవాడు. వెలుతురు రాకూడదు. పై బద్ద కొసను వేలితో తోసేవాడు. నడుమ ఇరుసు ఉన్నట్టు గిర్రున తిరిగితే నడుమ ఎత్తున్నట్టు. కొసల దగ్గర పట్టి కాస్త మొరాయించాలి. నడుమ కాగితం మందం పల్లం ఉండాలని ఆయన పట్టుదల. కొసల నుంచి చెక్క తొందరగా ఎండి కుంచించుకుంటుంది, అతుకు విడిపోవడం అక్కడే మొదలవుతుంది. అందుకే కొసలు ముందునుంచే గట్టిగా కరుచుకుని ఉండాలంటారు. యంత్రాలతో పనిచేసే కొందరు దీన్ని ఒప్పుకోరు. అంచులు తిన్నగా ఉంటే చాలు, ఆ పల్లం జిగురు గీతలో అనవసరపు బిగువు పెడుతుందని వాళ్ళ వాదన. రెండు పద్ధతుల్లోనూ తరాలపాటు నిలిచిన పలకలున్నాయి.

ఎంత బలంగా నొక్కాలన్నదీ అలాంటి తగవే. గట్టి చెక్కకు చదరపు సెంటీమీటరుకు 12 నుంచి 17 కిలోల ఒత్తిడి కావాలని జిగురు కంపెనీలు చెబుతాయి. ఆరడుగుల బద్ద, పాతిక మిల్లీమీటర్ల మందం అంటే అంచు వైశాల్యం సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. 12 చొప్పున లెక్కేస్తే 5,400 కిలోలు. ఒక క్లాంపు (బద్దలను బిగించి పట్టే పనిముట్టు) 500 కిలోల దాకా నొక్కుతుందనుకున్నా పది క్లాంపులు దాటాలి. మన చిన్న షెడ్డుల్లో నాలుగైదు క్లాంపులతోనే కానిచ్చేస్తారు, ఆ అతుకులూ నిలుస్తున్నాయి. అద్దంలా ఆనే అంచులకు తక్కువ ఒత్తిడి సరిపోతుంది, వంకర అంచులను దగ్గరికి లాగడానికే ఎక్కువ కావాలి. నా ఉద్దేశంలో కంపెనీల అంకె, చెయ్యి ఎంత సరిగ్గా పడిందో తెలియని పనికి రక్షణ. చిత్రిక పని చక్కగా ఉన్నచోట ఆ రక్షణ అవసరం తగ్గుతుంది.

కాలం సంగతి మాత్రం తగవు లేనిది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో రాసిన జిగురు, నాలుగైదు నిమిషాలకే పైన మీగడ కట్టేస్తుంది. ఆ మీగడ మీద బద్ద ఆనించి ఎంత నొక్కినా పట్టు రాదు. పైకి చూస్తే మంచి అతుకులానే ఉంటుంది, పండగనాడు ఎవరో ఆనుకుంటే విడిపోతుంది.

ఇంకొకటి. అతికిన పూటే చిత్రిక పట్టి నునుపు చేస్తే, నెల తర్వాత ప్రతి అతుకు దగ్గరా గోటికి తగిలే సన్నటి గాడి పడుతుంది. జిగురు నీరు తాగి అతుకు పక్కన చెక్క ఉబ్బి ఉంటుంది. ఉబ్బుమీద చదును చేశారు, నీరు ఆరాక అది కుంగింది. ఒకటి రెండు రోజులు ఆరనిస్తే రాని లోపం ఇది. డెలివరీ తొందరలో ఎక్కువగా జరిగేదీ ఇదే.

వలయాలు పైకా, కిందికా, సీలలు కావాలా

బద్ద కొసన వలయాలు విల్లులా వంగి ఉంటాయి. ఎండేకొద్దీ ఆ విల్లు తిన్నగా అవ్వాలని చూస్తుంది, బెరడు వైపు ముఖం పల్లం పడుతుంది. అందుకని ఒక బద్దను విల్లు పైకి, పక్కదాన్ని కిందికి పెట్టాలని ఒక వర్గం చెబుతుంది. అప్పుడు వంపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలక మొత్తం మీద చదునుగా ఉంటుంది, కాకపోతే చెయ్యి వేసి రాస్తే అలలు తెలుస్తాయి. అన్నీ ఒకే వైపు పెట్టాలనే వర్గం మాట వేరు. పలక అంతా ఒకే పెద్ద విల్లుగా వంగినా, కింద అడ్డచెక్కతో దాన్ని సులువుగా పట్టి ఉంచొచ్చు, అలలను మాత్రం ఏదీ ఆపలేదు అంటారు. బాగా ఎండిన చెక్క వాడితే రెండింటికీ పెద్ద తేడా ఉండదు. చెయ్యి తిరిగిన మేస్త్రీలు చాలామంది వలయాలు చూడటం మానేసి, అందమైన ముఖాలు పైకి వచ్చేట్టు, రంగులు కలిసేట్టు పేర్చుకుంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

అతుకులో చెక్క సీలలు, బిస్కట్లు (అంచుల గాడుల్లో దూర్చే పల్చటి చెక్క బిళ్ళలు), గాడిలో నాలుక లాంటివి ఉంటే బలమని అమ్మేచోట చెబుతారు. నార వెంబడి అతుకుకు అవి చేర్చే బలం కొద్దిగానే. అవి నిజంగా చేసే సాయం ఏమిటంటే, క్లాంపు బిగించేటప్పుడు బద్దలు పైకీ కిందికీ జారకుండా ఆపడం. అవి లేవని పలకను తక్కువ చేయక్కర్లేదు.

మరి పలక ఎందుకు పగులుతుంది

చెక్క కోసిన తర్వాత కూడా గాలిలో తేమను బట్టి ఉబ్బుతూ, కుంచించుకుంటూనే ఉంటుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుని ఎండాకాలంలో వదులవడం మనం చూసేదే. గాలిలో తేమ 80 శాతం ఉన్నచోట చెక్క తన పొడి బరువులో సుమారు 16 శాతం నీరు పట్టి ఉంచుతుంది. గాలి తేమ 30 శాతానికి పడితే ఆ నీరు 6 శాతానికి దిగుతుంది. ఇంటి లోపల, పాలిష్ కింద, ఈ ఊపు కొంత తక్కువ. పిన్ని టేబుల్ ఆగస్టులో 12 శాతంతో ఉండి ఏప్రిల్‌కు 7కు దిగిందనుకుందాం. అయిదు పాయింట్లు.

టేకు పచ్చిమాను నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి సుమారు 5.8 శాతం కుంచించుకుంటుంది. నడిబొడ్డు నుంచి బెరడు వైపుగా అయితే 2.5 శాతమే. పొడవునా దాదాపు శూన్యం. ఈ కుంచింపంతా నీరు 30 శాతం దగ్గర నుంచి సున్నాకు దిగేలోగా జరుగుతుంది. కాబట్టి అయిదు పాయింట్లంటే అందులో ఆరో వంతు. 900 మిల్లీమీటర్ల వెడల్పు పలక, బద్దల కోత తీరును బట్టి, సుమారు 4 నుంచి 9 మిల్లీమీటర్లు లోపలికి రావాలి. మిగతా కలపతో పోలిస్తే టేకు తక్కువ కదిలే చెక్క, అయినా ఇంత. అతుకు ఈ కదలికను పెంచదు, తగ్గించదు. ఎనిమిది బద్దల పలక, అలాగే కోసిన ఏకఖండం ఎంత కదులుతుందో అంతే కదులుతుంది.

ఆ కదలికకు దారి ఉందా లేదా అన్నదే ప్రశ్న. పాతకాలపు తలుపులు చూస్తే, చుట్టూ చట్రం, దాని గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చున్న పలక. చట్రం కదలదు, పలక గాడిలో తనంతట తాను ఉబ్బి తగ్గుతుంది. టేబుల్‌కైతే కింద ఫ్రేముకు బిగించే మరలకు గుండ్రటి బెజ్జం బదులు పొడుగుపాటి బెజ్జం పెడతారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో చేయించుకుని అమెరికా తీసుకెళ్ళే పూజామందిరాలు, ఉయ్యాల బల్లలు అక్కడి మొదటి శీతాకాలంలోనే పగలడం ఇందుకే. హీటర్లు ఇంట్లో గాలి తేమను 20 శాతం దరికి దించేస్తాయి, చెక్క మన ఏప్రిల్‌లో కూడా చూడనంత ఎండుతుంది.

ఏప్రిల్‌లో పిన్ని పిలిస్తే వెళ్ళాను. టేబుల్ కొస నుంచి జానెడు పగులు, రూపాయి బిళ్ళ అంచు దూరేంత. "చూశావా, అతుకు ఊడింది" అంది. టార్చి వేసి చూస్తే అతుకు గీత పక్కనే చెక్కుచెదరకుండా ఉంది. పగులు దానికి అర అంగుళం అవతల, బద్ద మధ్యలో ఉంది. లోపలి ముఖం మీద నార పోగులు లేచి ఉన్నాయి. జిగురు వదిలితే ముఖం నున్నగా, జిగురు మెరుపుతో ఉండేది. కిందికి వంగి చూస్తే కారణం దొరికింది. ఇనుప ఫ్రేముకు అటొక నాలుగు, ఇటొక నాలుగు మరలు, అన్నీ గుండ్రటి బెజ్జాల్లో గట్టిగా బిగించి ఉన్నాయి. పలక కుంచించుకోవాలని చూసింది, ఇనుము ఒప్పుకోలేదు. ఎనిమిది బద్దల్లో బలహీనమైన చోట చెక్కే తెగింది.

మేస్త్రీని పిలిపిస్తే ఒక గంట పని అయింది. ఆ బెజ్జాలను పలక వెడల్పు దిశలో పొడుగు చేశాడు, వాషర్లు వేసి మరలు ఊరికే ఆనేట్టు బిగించాడు. పగులును పూడ్చమని పిన్ని అడిగితే, వానలదాకా ఆగమన్నాడు. ఇప్పుడు నింపితే చెక్క ఉబ్బినప్పుడు ఆ నింపినదే అడ్డుపడి పక్కన ఇంకోచోట చీలుస్తుందట. ఆగస్టులో చూస్తే పగులు మూసుకుంది. వేలితో తడిమితే వెంట్రుకవాసి గీత తగులుతుంది, అంతే. అతుకు గీతలు ఏడూ మాత్రం వేలికి తగలవు.